శోధగ్రామ దర్శనము

కాళేశ్వరమున ప్రాణహితా గోదావరుల సంగమమునకు నమస్కరించి, వంతెన దాటి ఆవలి యొడ్డున సిరొంచలో అడుగుపెట్టిన తెలుగువానికి తాను పరరాష్ట్రమునకు వచ్చితినన్న భావము వెంటనే కలుగదు. అంగళ్ళపై పేర్లు దేవనాగరిలోనికి మారును గాని, అంగడి లోపలి బేరము మాత్రము తెలుగుననే సాగుచుండును. ఆంగ్లేయుల కాలమున కొన్నాళ్ళపాటు ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమై వెలసిన ఈ ఊరు నేడు మహారాష్ట్రములోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస. అచ్చటినుండి ఆలపల్లి, ఆష్టి, చామోర్షి మీదుగా ఉత్తరమునకు పోవుకొలది తెలుగు పలుచబడి మరాఠీ చిక్కబడును. దారి కిరువైపుల టేకుచెట్లును, వెదురుపొదలును, ఇప్పచెట్లును, వాని నడుమ వరిమళ్ళును కనబడుచుండును.

ప్రజారోగ్యరంగమున ప్రజలే కర్తలై క్రొత్త మార్గములు కనుగొనవలెనను మాట ఈ కాలమున సభలలోను, ప్రణాళికా పత్రములలోను తరచుగా వినబడుచున్నది. వినుటకు సొంపైన మాటయే. కాని అది నేలమీద ఎట్టి రూపము దాల్చునో, దాల్చిన పిదప ఎంతకాలము నిలుచునో కన్నులార చూడవలెనన్న కోరికతో నేనీ ప్రయాణమునకు పూనుకొంటిని. సిరొంచ వాస్తవ్యులైన విశ్రాంతోపాధ్యాయులొకరు నాకు దుబాసిగా వెంట వచ్చిరి. ఇంట తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండీ మాటలాడుచు జీవితము గడపిన పెద్దమనిషి వారు. బస్సు గడ్చిరోలి సమీపించుచుండగా, "దవాఖాన ఒక్కటి సూసి మర్లిపోతే ఏం సమజ్ కాదు సార్. ఊర్లకు పోవాలె, ఆ ఆడోళ్ళ పని సూడాలె" అని ముందుగనే నన్ను హెచ్చరించిరి.

గడ్చిరోలి పట్టణమునుండి ధానోరా పోవు మార్గమున, చాత్‌గావ్ గ్రామ సమీపమున, చెట్ల నీడలో శోధగ్రామము నెలకొనియున్నది. 'సర్చ్' అను పేరుతో దేశవిదేశములందు ప్రసిద్ధికెక్కిన సంస్థకు ఇది నివాసము. దీనిని 1986లో స్థాపించినవారు డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు. అభయ్ గారు గాంధేయవాది, అర్థశాస్త్రాచార్యులు అగు ఠాకూర్‌దాస్ బంగ్ గారి కుమారులు. సేవాగ్రామ వాతావరణమున పెరిగినవారు. రాణి గారు స్త్రీవైద్య నిపుణురాలు. ఇరువురును నాగపురమున వైద్యవిద్య నభ్యసించి, అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున ప్రజారోగ్యశాస్త్రమున పట్టము పొంది, ఆ పట్టముతో మహానగరమునకు పోక, 1982లో చంద్రపురము నుండి విడివడి ఏర్పడిన ఈ అడవి జిల్లాకు వచ్చి, పాత గిడ్డంగి యొకదానిలో పని ప్రారంభించిరి. 2018లో ప్రభుత్వము వారిరువురను పద్మశ్రీతో గౌరవించినది.

సంస్థ తొలినాళ్ళ కథలలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది వారి విజయగాథ కాదు, వారెదుర్కొన్న నిరాదరణ. ఈ ప్రాంతపు గిరిజనులలో సికిల్ సెల్ అను రక్తదోషము విస్తారముగా నున్నదని వారు మొదట కనుగొనిరి. శాస్త్రజ్ఞునకది గొప్ప సంగతి. కాని ఆ వార్త ఎవరిని గూర్చినదో వారినే అది చలింపజేయలేదు. నయముకాని రోగమునకు పేరు తెలిసినంతమాత్రమున ఒరుగునదేమి? పల్లెవాసుల చింతలు వేరు: పసిబిడ్డలు నిలుచుట లేదు, చలిజ్వరములు విడువవు, మగవారి త్రాగుడు సంసారములను కూల్చుచున్నది. పరిశోధకుని కుతూహలమునకును ప్రజల బాధకును నడుమ నున్న ఈ అగాధమును గుర్తించిన పిదపనే, ముందు ప్రజల నడుగుట, పిమ్మట శోధించుట, శోధించిన దానిని మరల ప్రజల ముందుంచుట అను క్రమము ఇచ్చట స్థిరపడినది. ఏటేట గిరిజన గ్రామముల ప్రతినిధులు సమావేశమై, తమ ఆరోగ్య సమస్యలలో దేనికి ముందుపీట వేయవలెనో తామే నిర్ణయించు సంప్రదాయము కూడ ఆ క్రమమునుండియే పుట్టినది.

ఆసుపత్రి కట్టడమే ఈ క్రమమునకు ప్రత్యక్ష నిదర్శనము. ఆసుపత్రికి ఎందుకు రారని గిరిజనులను ప్రశ్నించినపుడు వారు దాచక చెప్పిన సమాధానములు వైద్యులను నిరుత్తరులను చేసినవట. పెద్ద భవనములలో దారి తప్పిపోదుమేమో యని భయము. రోగిని లోనుంచుకొని బంధువులను వెలుపలికి పంపుదురు. శవమునకు కప్పునది తెల్లబట్ట, ఆ తెల్లబట్టలే కట్టుకొన్నవారు ప్రాణమెట్లు నిలుపుదురు? ఈ అభ్యంతరములను అజ్ఞానమని త్రోసివేయక, వానినే పునాదిగా గైకొని ఆసుపత్రిని నిర్మించిరి. గోండు పల్లెలలోని ఘోటుల్ అను యువజనశాల తీరును తలపించు ప్రవేశశాల, గుడిసెల వరుసవలె నున్న వార్డులు, రోగితో బంధువులు కలిసియుండి వంట చేసికొనుటకు వసతి అమరినవి. బస్తరు ప్రాంతమువారి ఇలవేల్పు దంతేశ్వరీమాత పేరును దానికి పెట్టిరి. నేను చూచునప్పుడు ఒక వసారాలో ముసలమ్మ ఒకతె మంచముపై నున్న కోడలికి జావ పట్టుచుండెను. ఏ దాదియు వచ్చి ఆమెను గద్దింపలేదు.

అయినను మాస్టారు చెప్పినట్లు అసలు సంగతి పల్లెలలో నున్నది. ఆనాడు ఈ జిల్లాలో శిశుమరణములకు ముఖ్యకారణములలో న్యుమోనియా యొకటి. మన పల్లె తల్లులు 'డొక్కలెగరేస్తున్నాడు' అని కంగారుపడునది సాధారణముగా ఈ వ్యాధిని చూచియే. బిడ్డ నిమిషమునకు ఎన్నిసారులు ఊపిరి తీయుచున్నదో లెక్కించిన, ఎక్స్‌రే యంత్రము లేకయే ఈ వ్యాధిని పసిగట్టవచ్చును: రెండు నెలల లోపు పసికందు అరువది పర్యాయములు, అంతకు పెద్దదగు శిశువు ఏబది పర్యాయములు ఊపిరి తీసినచో ప్రమాదమని ఎరుగవలెను. కాని పల్లెలో బిడ్డకు మొదట దగ్గరగా నుండునది మంత్రసాని. ఆమెకు చదువు లేదు, లెక్క పండ్రెండుతో ఆగిపోవును. అరువది ఎట్లు లెక్కించును?

ఆ ప్రశ్నకు సమాధానముగా పుట్టిన పనిముట్టును కార్యాలయమున నాకు చూపిరి. చేత పట్టుకొనదగిన చట్రము. దానిలో ఒక నిమిషమునకు ఇసుక జారిపోవు గాజుగొట్టము. రెండు వరుసల పూసలు. పై వరుస పసికందులకు: ఐదు పచ్చపూసలు, కడపట నొక ఎర్రపూస. క్రింది వరుస పెద్దబిడ్డలకు: నాలుగు పచ్చపూసలు, ఒక ఎర్రపూస. గొట్టమును తలక్రిందులు చేసి, బిడ్డ పొట్ట కదలికను చూచుచు పది ఊపిరులు కాగానే ఒక పూసను జరుపవలెను. ఇసుక అంతయు జారకముందే ఎర్రపూసను జరుపవలసి వచ్చెనా, అది న్యుమోనియా, మందు ప్రారంభింపవలెను. పండ్రెండు వరకు లెక్క వచ్చినవారికి పది లెక్కించుట కష్టము కాదు గదా! నేనును దానిని చేతబట్టి, నా యెదుట కూర్చున్న కార్యకర్త ఊపిరిని లెక్కింప ప్రయత్నించితిని. ఆమె నవ్వాపుకొనలేకపోవుటచే లెక్క తప్పినది. మంత్రసానులును గ్రామ కార్యకర్తలును ఈ విధముగా రోగమును గుర్తించి, మందిచ్చి నయముచేసిన 612 న్యుమోనియా కేసులలో మరణించినవారు నూటికి ఒక్కరికన్న తక్కువ, అనగా 0.8 శాతము, ఈ ఏర్పాటు లేని పొరుగు గ్రామములలో ఆ సంఖ్య 13.5 శాతము. 1990లో ల్యాన్సెట్ పత్రిక ఈ ఫలితములను ప్రకటించినది.

మరునాటి ఉదయమున ఒక పల్లెకు పోయితిమి. అచ్చట నవజాత శిశువులను కనిపెట్టి చూచు స్త్రీని 'ఆరోగ్యదూత' అని పిలుతురు. ఆమె ఆ ఊరి కోడలు, కొన్ని తరగతులు చదివినది, పొలము పనికి పోవునది. ఆమె వెంట ఒక బాలింత ఇంటికి పోగా, గడప వెలుపల చెప్పులు విడిచి, సబ్బుతో మోచేతులవరకు చేతులు కడిగికొని, ఆరుటకై చేతులు పైకెత్తి పట్టుకొని లోపలికి నడచినది. సంచిలోనుండి తీగత్రాసును, ఉష్ణమాపకమును, గడియారమును తీసి చాపపై వరుసగా పేర్చినది. బిడ్డను గుడ్డ ఉయ్యాలలో నుంచి త్రాసుకు తగిలించి, ముల్లు నిలుచువరకు ఓపికతో కనిపెట్టి, బరువును పుస్తకమున వ్రాసికొన్నది. బిడ్డ సన్నగా నుండెను.

అప్పుడు నాయనమ్మ నీళ్ళు కాగినవని, బిడ్డకు స్నానము చేయింతునని లేచినది. ఆరోగ్యదూత వలదని చెప్పలేదు. ముసలమ్మ కుడిచేతిని తన చేతిలోనికి తీసికొని ముందు బిడ్డ పొట్టపైనను, పిమ్మట అరికాలిపైనను ఆనించినది. పొట్ట వెచ్చగా నున్నది, కాలు చల్లగా నున్నది. ఒంటిలోని వేడిని నిలుపుకొను శక్తి ఈ బిడ్డకింకను రాలేదని, బరువు పెరుగువరకు స్నానము మాని, గుడ్డలలో చుట్టి, తల్లి రొమ్మున నానించి యుంచవలెనని ఆమె నెమ్మదిగా చెప్పుచుండగా మాస్టారు నాకు తెలుగున వినిపించుచుండిరి. ముసలమ్మ మరల ఒకసారి తానుగా ఆ కాలిని తాకి చూచి, ఏమియు ననక పోయి నీళ్ళ కాగును పొయ్యిపైనుండి దింపివేసినది. వేయి ప్రసంగములు చేయలేని పని ఆ అరచేయి చేసినది. తిరిగి వచ్చునప్పుడు మాస్టారు, "ముసల్దానికి ఎదురు చెప్పలే, గదే తెలివి" అనిరి.

ఈ సామాన్య స్త్రీల చేత సంస్థ చేయించిన పని సామాన్యమైనది కాదు. 1993లో 39 గ్రామములను ఎంచుకొని, వానితో పోల్చిచూచుటకు మరి 47 గ్రామములను ప్రక్కనుంచి, ప్రసవములను, మరణములను నమోదు చేయుట ఆరంభించిరి. 1995 నుండి ఇంటివద్దనే నవజాత శిశు సంరక్షణ మొదలైనది. పుట్టగానే ఏడ్వని బిడ్డకు ఊపిరి పోయుట, తక్కువ బరువు బిడ్డను వెచ్చగా నుంచుట, పాలు పట్టించుట మాత్రమే కాక, రక్తమునకు విషము సోకిన బిడ్డకు జెంటామైసిన్ సూదిమందిచ్చుట కూడ ఆరోగ్యదూతకు నేర్పిరి. వైద్యులు కాని వారు పసికందునకు సూది వేయుటయా యని పెద్దలు బెదరిరి. ఆసుపత్రికి చేరనే చేరని బిడ్డకు వేరొక దిక్కేది యనునది దానికి సమాధానము. సూదిమందుకు ముందు అట్టి బిడ్డలలో నూటికి 16.6 మంది మరణించుచుండగా, ఆరోగ్యదూతల చికిత్సతో ఆ సంఖ్య 2.8కి దిగినది. మూడవ సంవత్సరమునకు నవజాత శిశుమరణములు పోల్చిచూచిన గ్రామములకన్న 62 శాతము తగ్గినవి. బిడ్డ యొక్కింటికి అయిన ఖర్చు ఐదు డాలర్ల పైచిలుకు మాత్రమే. 1999లో ఈ ఫలితములు వెలువడినపుడు ఇది బంగ్ దంపతుల వ్యక్తిగత మహిమయే గాని అన్యత్ర సాధ్యము కాదని కొందరనిరి. తరువాత మహారాష్ట్రములోని ఏడు చోట్ల, గిరిజన గ్రామములతో పాటు నగరపు మురికివాడలలోను, వేర్వేరు సంస్థలు అదే పద్ధతి నవలంబింపగా నవజాత శిశుమరణములు సగమునకు తగ్గినవి.

ఇంతకు మునుపే రాణి గారు వాసా, అమీర్జా అను రెండు గ్రామములలో 650 మంది స్త్రీలను పరీక్షించి, నూటికి 92 మందికి ఏదో యొక స్త్రీవ్యాధి యున్నదనియు, అంతకుముందు వైద్యపరీక్ష జరిగినవారు నూటికి ఎనమండుగురేననియు 1989లో లోకమునకు వెల్లడించిరి. ప్రసవము, కుటుంబనియంత్రణము తప్ప గ్రామీణ స్త్రీకి వేరు రోగములున్నవన్న స్పృహయే లేని కాలమది. మద్యమును గూర్చిన ఆందోళన మరియొక ఉదాహరణము: ఊరూర స్త్రీలు లేచి నిలువగా 1993లో ప్రభుత్వము ఈ జిల్లాలో మద్యనిషేధము విధించినది. నిషేధముతో దొంగసారా అంతరించలేదు. 2016లో 'ముక్తిపథ్' అను క్రొత్త ఉద్యమమును, పొగాకుతో వక్కలు కలిపిన 'ఖర్రా'ను కూడ లక్ష్యముగా చేసికొని, ఆరంభింపవలసి వచ్చినది. రోగములును మారుచున్నవి. ఈ ప్రాంతపు 86 గ్రామములలో 2011 నుండి రెండేండ్లపాటు జరిగిన మరణములను పరిశీలింపగా, అన్నింటికన్న పెద్ద కారణము పక్షవాతమని తేలినది. ఒకనాడు శిశువును కాపాడిన పల్లెయే నేడు ముసలితల్లి రక్తపోటును గమనింప నేర్వవలసియున్నది.

ఇక ఈ పద్ధతి దేశమునకెట్లు వ్యాపించినదో చూతము. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకముతో ఆశా కార్యకర్తలు వచ్చిరి. 2011లో కేంద్రప్రభుత్వము ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణను వారికి అప్పగించినది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆరుసారులు, ఇంట పుట్టిన బిడ్డను ఏడుసారులు, నలువదిరెండవ దినము లోపల చూచి రావలెను. ఇందుకు ఆశాకు లభించు ప్రోత్సాహకము 250 రూపాయలు. తెలుగునాట ప్రతి పల్లెలోను బాలింత గడప త్రొక్కు ఆశా అక్క సంచిలో నున్నది గడ్చిరోలి సంచియే యని మనలో ఎందరికి తెలియును? అడవిలోని చిన్న ప్రయోగము ఇంత పెద్ద దేశమున రాజమార్గమగుట అపూర్వము.

కాని పరికరములు ప్రయాణించినంత సులభముగా పద్ధతి ప్రయాణింపలేదు. గడ్చిరోలిలో ఆరోగ్యదూతకు మరల మరల శిక్షణ నిచ్చిరి. పదునైదు దినముల కొకసారి పైవారు వచ్చి, ఆమె వ్రాసిన లెక్కను ఇంటింట సరిచూచి, తప్పున్న అచ్చటనే దిద్దిరి. అట్టి తోడు ఎన్ని చోట్ల ఆశాకు దొరకుచున్నది? పసికందుల సంరక్షణకు తోడు గర్భిణుల నమోదు, టీకాలు, క్షయ, కుష్ఠు, సర్వేలు, సెల్‌ఫోనులో నింపవలసిన యాప్‌లు, ఇవన్నియు ఆమె నెత్తినే పడినవి. సూదిమందు ఆమె చేతికి రాలేదు. ఆంధ్రప్రదేశమున 2019 నుండి నెలకు 10,000 రూపాయల గౌరవవేతన మిచ్చుట మంచి అడుగే. అయినను ఆమె ఉద్యోగిని కాదు, స్వచ్ఛంద సేవకురాలు అను వ్యవహారము దేశమంతట నిలిచియే యున్నది. అన్నింటికన్న పెద్ద లోపము వేరొకటి: గ్రామము నడుగుట యను తొలిమెట్టు క్రమముగా జారిపోయినది. ఏ పల్లెకు ఏ చింత మిక్కుటమో తెలిసికొనకయే పైనుండి లక్ష్యములు దిగుచున్నవి.

ఈ కారణములచే ప్రజల చేతిమీదుగా నడచు ఆరోగ్య ప్రయత్నములను ప్రోత్సహింపదలచువారు పరికరమునకును బహుమానమునకును ఇచ్చు విలువను ముందు వినుటకును, పిమ్మట వెంటనుండి సరిదిద్దుటకును ఈయవలెనని నా నిశ్చితాభిప్రాయము. పూసల చట్రము గొప్పది. మంత్రసానికి లెక్క పండ్రెండుతో ఆగునని తెలిసికొన్న వినయము అంతకన్న గొప్పది. ఉట్నూరు, భద్రాచలము, రంపచోడవరము, పాడేరు, సీతంపేట గిరిజనాభివృద్ధి సంస్థల అధికారులకు నేను చేయు విన్నపమొక్కటే. రాబోవు సంవత్సరపు ఆరోగ్య ప్రణాళిక వ్రాయుటకు ముందు, గూడెముల ప్రతినిధులను పిలిచి కూర్చుండబెట్టి, కోయ, గోండి, కువి, సవర భాషలు తెలిసిన దుబాసీలను ప్రక్కనుంచుకొని, వారి మొదటి మూడు బాధలను వారి నోటనే చెప్పించి వ్రాసికొనుడు. మరుసటి యేట అదే సభలో వానికి ఏమి జరిగినదో లెక్క అప్పగింపుడు. ఇందుకు క్రొత్త చట్టము అక్కరలేదు, పెద్ద మొత్తమును అక్కరలేదు. గడ్చిరోలి మనకు పొరుగు జిల్లా. అనుమానమున్నవారు వంతెన దాటి చూచి రావచ్చును.